మా రోజుల్లో హెడర్‌కి దిక్కుండేది

నా బల్ల మీదికి వచ్చే డ్రాయింగుల్లో ఈమధ్య ఒక మాట తరచుగా కనబడుతోంది. కిటికీ పైన అడ్డంగా రెండు గీతలు గీసి, పక్కన బాణం వేసి, ‘హెడర్ డిజైన్ ఇతరులది’ అని రాసి వదిలేస్తున్నారు. ఎవరయ్యా ఆ ఇతరులు? భవనానికి సంతకం పెట్టిన ఇంజనీరుని అడిగితే, స్టీలు ఫ్రేమింగు కంపెనీ ఇంజనీరు చూసుకుంటాడంటాడు. ఆయన్ని అడిగితే, పైనుంచి ఇచ్చిన బరువులే వేశాం, అవి సరైనవో కాదో మాకేం తెలుసంటాడు. ప్యానెళ్ళు చేసే షాపువాళ్ళు బొమ్మలో ఉన్నట్టే కోశామంటారు. సైటులో ఉన్నవాడు వచ్చిన ప్యానెల్ వచ్చినట్టే నిలబెట్టానంటాడు. నలుగురూ నిజమే చెబుతున్నారు. నలుగురి మధ్యా హెడర్‌కి మాత్రం దిక్కు లేకుండా పోయింది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఈ మాట అనగానే కుర్రవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారని తెలుసు. చూసుకోనివ్వండి. చెప్పాల్సింది చెప్పే ఊరుకుంటాను.

ఈ పనితో పరిచయం లేనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. మన ఊళ్ళో ఇటుక గోడకి గుమ్మం పెడితే దాని మీద లింటెల్ వేస్తాం. పైనున్న బరువుని అది అందుకుని అటూ ఇటూ ఉన్న గోడకి అప్పజెబుతుంది. అమెరికాలో చాలా భవనాలకి ఇటుక గోడలుండవు. జింకు పూత పూసిన పలుచని స్టీలు రేకుని కాల్చకుండానే, చల్లగా ఉన్నప్పుడే రోలర్ల మధ్య వంచి ‘సి’ ఆకారంలో స్టడ్‌లు చేస్తారు. కోల్డ్-ఫార్మ్‌డ్ స్టీల్ అంటే అదే. ఆ స్టడ్‌లని 16 అంగుళాలకో 24 అంగుళాలకో ఒకటి చొప్పున నిలబెట్టి, కిందా పైనా ట్రాక్ అనే ‘యు’ ఆకారపు ముక్కలో కూర్చోబెట్టి స్క్రూలు బిగిస్తారు. దాని మీద జిప్సం బోర్డు కొడితే గోడ.

అలాంటి గోడలో కిటికీ కావాలంటే మధ్యలో రెండు మూడు స్టడ్‌లు తీసెయ్యాలి. అవి మొయ్యాల్సిన బరువు మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని అడ్డంగా పట్టి పక్కలకి చేర్చేదే హెడర్. హెడర్ చివరలు కూర్చునే పొట్టి స్తంభాలు జాక్ స్టడ్‌లు. వాటిని ఆనుకుని గోడ ఎత్తంతా నిలబడేవి కింగ్ స్టడ్‌లు. హెడర్ పైనా, కిటికీ కిందా మిగిలిన ఖాళీల్లో నిలిపే చిన్న ముక్కలు క్రిపుల్ స్టడ్‌లు. ఈ కుటుంబంలో ఎవరి పని ఎవరు ఎగ్గొట్టినా ఆ భారం పక్కవాడి మీద పడుతుంది.

నేను కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో చదివే రోజుల్లో ఈ పలుచని స్టీలుకి మాకున్న ఆధారం ఐఎస్ 801. అమెరికావాళ్ళ 1968 నియమావళిని చూసుకుని 1975లో మనవాళ్ళు తెచ్చిన కోడ్ అది. దానికి తోడుగా 1980లో ఎస్‌పీ 6 అయిదో భాగం వచ్చింది. ఈ నియమాలన్నిటికీ మూలం కార్నెల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వింటర్ చేసిన పరీక్షలు. 1939లో మొదలైన ఆ పని 1946లో అమెరికన్ ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ మొదటి నియమావళిగా బయటికొచ్చింది. అందులో కీలకమైన సంగతి ఒకటుంది. పలుచని రేకు నొక్కుడికి ఉబ్బిందంటే దాని పని అయిపోయినట్టు కాదు. మధ్య భాగం బరువు మొయ్యడం మానేస్తుంది కానీ, మూలలకి దగ్గరగా ఉన్న భాగం మోస్తూనే ఉంటుంది. నిజంగా మోస్తున్న ఆ వెడల్పు ఎంతో కట్టి, దాంతోనే బలం లెక్కెయ్యాలి.

చెప్పడానికి తేలికే, చేత్తో చేస్తే తెలుస్తుంది. మోసే వెడల్పు తగ్గితే తటస్థ అక్షం జరుగుతుంది. అది జరిగితే ఒత్తిడి మారుతుంది. ఒత్తిడి మారితే వెడల్పు మళ్ళీ మారుతుంది. రెండంకెలూ దగ్గరపడేదాకా మొదట్నించీ చెయ్యాలి. ఒక్క సెక్షన్‌కి కాగితాలు కాగితాలు నిండేవి. విసుగు పుట్టేది. అయినా ఆ విసుగులోనే రేకులో ఏ భాగం పనిచేస్తోందో, ఏ భాగం ఊరికే ఉందో కంటికి కట్టేది. ఇవాళ ఒక మీట నొక్కితే అంకె వస్తుంది. అంకె వెనక ఏం జరిగిందో ఎవరికీ అక్కర్లేదు.

దక్షిణ కాలిఫోర్నియాలో పనికి కుదిరాక మా పెద్ద ఇంజనీరు నాకు మొదట నేర్పింది లెక్క కాదు. కిటికీ మీద వేలు పెట్టించి, ‘దీని మీద ఏం కూర్చుందో కప్పు నుంచి కిందికి చెప్పుకుంటూ రా’ అనేవాడు. కప్పు, దాన్ని మోసే అడ్డ దూలాలు అంటే జోయిస్ట్‌లు, పై అంతస్తు గోడ, ఆ గోడలో కిటికీ, ఆ కిటికీ పక్క కింగ్ స్టడ్‌లు, ఫ్లోర్, ఇక ఇదిగో ఈ హెడర్. ఇక్కణ్ణుంచి జాక్ స్టడ్‌లు, కింది ట్రాక్, పునాది. మధ్యలో ఒక్క మెట్టు తప్పినా మళ్ళీ కప్పు దగ్గర్నుంచి చెప్పించేవాడు. దారి తప్పకుండా అప్పజెప్పాకే పెన్సిల్ పట్టుకోనిచ్చేవాడు.

పెన్సిల్ పట్టాక తెలిసే సంగతులు వేరే. అడుగుకి పడే బరువు మారకుండా మూడడుగుల కిటికీని ఆరడుగులకి పెంచితే జాక్ స్టడ్‌ల మీద భారం రెట్టింపే అవుతుంది. హెడర్‌ని వంచే మొమెంట్ మాత్రం నాలుగింతలవుతుంది. హెడర్ అదే అయితే మధ్యలో కుంగడం పదహారింతలు. అడుగుకి వెయ్యి పౌన్లు పడుతుంటే ఆరడుగుల హెడర్ రెండు చివరలా మూడేసి వేల పౌన్లు దించుతుంది. మధ్యలో మొమెంట్ 4,500 అడుగు-పౌన్లు. ఇది ఉన్న చోట కూర్చుని నోటితో చెయ్యగల లెక్క. ఆర్కిటెక్ట్ ఫోన్ చేసి ‘కిటికీ కొంచెం వెడల్పు చేస్తే ఏమవుతుంది?’ అంటే ఫోన్ పెట్టెయ్యకుండానే జవాబు చెప్పేవాళ్ళం. ఇప్పుడు అదే ప్రశ్నకి ‘మోడల్ రన్ చేసి రేపు చెబుతాం’ అంటున్నారు.

వంపు ఒక్కటే చూస్తే చాలదు. షియర్ చూడాలి. వెబ్ నలుగుడు చూడాలి. వంపూ నలుగుడూ ఒకేచోట కలిస్తే ఆ రెంటినీ కలిపి చూడాలి. కుంగుడు చూడాలి. ఇందులో వెబ్ నలుగుడే ఈ స్టీలు ప్రత్యేకత. ‘సి’ సెక్షన్‌లో నిలువుగా ఉండే రేకు వెబ్. దాని మందం 54 మిల్ అనుకుందాం. అంటే అంగుళంలో వెయ్యో వంతులు యాభైనాలుగు, మిల్లీమీటర్లలో దాదాపు 1.4. ఆ పలుచని రేకు అంచు మీద పై జోయిస్ట్ వచ్చి కూర్చుంటే, హెడర్ మొత్తం వంగకముందే ఆ ఒక్క చోట రేకు నలిగి మడత పడగలదు. అందుకే జోయిస్ట్, స్టడ్ నడి గీతలు ఒకదాని కిందొకటి, ముప్పావు అంగుళానికి మించి పక్కకి జరగకుండా ఉండాలని నియమం పెట్టారు. ఆ ముప్పావు అంగుళం కోసం మేం సైటులో టేపు పట్టుకుని తిరిగేవాళ్ళం. ఇప్పుడు మోడల్‌లో అన్నీ సరిగ్గా ఒకే గీత మీద ఉంటాయి కాబట్టి సైటులో కొలవాల్సిన పనే లేదనుకుంటున్నారు. గోడ నిలబడేది సైటులో కదా!

ఇక హెడర్ బిగించే పద్ధతులు. మా కాలంలో ఎక్కువగా వాడింది బాక్స్ హెడర్. రెండు ‘సి’ సెక్షన్లని ఎదురెదురుగా, ఫ్లాంజ్‌లు (వెబ్‌కి రెండు చివరలా అడ్డంగా వంచిన రేకులు) లోపలికి చూసేలా పెట్టి, పైనా కిందా ట్రాక్ ముక్కలతో మూసి స్క్రూలు బిగించాలి. రెండు వెబ్‌లూ గోడ రెండు ముఖాలకీ సమంగా వస్తాయి కాబట్టి జిప్సం బోర్డు కొట్టేవాడికి సుఖం. కానీ పెట్టె మూశాక లోపలికి చెయ్యి పోదు. ఇన్సులేషన్ ముందే కూరాలి. మా ఫోర్‌మన్ హెడర్ మూసే బల్ల పక్కనే ఇన్సులేషన్ చుట్ట పెట్టించేవాడు. అది లోపల పడందే రెండో ‘సి’ ఎత్తనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఫ్రేమింగు ఒక కంపెనీ, ఇన్సులేషన్ మరో కంపెనీ. వాళ్ళొచ్చేసరికి పెట్టె బిగుసుకుపోయి ఉంటుంది. మంచు పడే ఊళ్ళలో అలాంటి ఖాళీ హెడర్ ఉన్న కిటికీ పైన చలికాలం గోడ చెమ్మగిల్లుతుంది. ఇల్లుగలాయన పైకప్పు కారుతోందనుకుని కప్పు బాగుచేసేవాణ్ణి పిలుస్తాడు.

రెండోది బ్యాక్-టు-బ్యాక్. రెండు వెబ్‌లనీ వీపూ వీపూ ఆనించి స్క్రూలతో కలిపితే ‘ఐ’ ఆకారం వస్తుంది. నలుగుడుకి ఇది గట్టిది. ఒక వెబ్ పక్కకి తప్పుకోబోతే రెండోది ఆపుతుంది. ఇన్సులేషన్ తరవాతైనా రెండు పక్కలా పెట్టుకోవచ్చు. కానీ స్క్రూలు లెక్కలో ఉన్నన్ని పడాలి. రెండు ముక్కలూ ఒకటిగా పనిచెయ్యాలంటే వాటిని ఒకటి చేసేది ఆ స్క్రూలే.

మూడోది తరవాత వచ్చిన ఎల్-హెడర్. గోడ పై ట్రాక్ మీద ‘ఎల్’ ఆకారపు రేకుని టోపీలా బోర్లించి, పొడవాటి కాలు గోడ ముఖం మీదికి దించి, క్రిపుల్ స్టడ్‌లకి స్క్రూలు వేస్తారు. స్టీలు తక్కువ, పని తక్కువ. మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు కానీ పరీక్షల ఫలితాలు చదివాక ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూనే ఒక సంగతి గుర్తుపెట్టుకున్నాను. అది కిందికి దిగే బరువుకి బాగా పనిచేస్తుంది. గాలి కప్పుని పైకి లాగితే మాత్రం దాని బలం నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. అదైనా రెండు వైపులా ఎల్ ఉంటేనే నియమావళి ఒప్పుకుంటుంది. తుపానులొచ్చే తీరంలో తేలిక కప్పు కింద ఎల్-హెడర్ గీసి పంపినవాళ్ళని ‘పైకి లాగే బలం చూశావా బాబూ?’ అని అడిగితే, ‘అది కూడా చూడాలా సార్?’ అన్నవాళ్ళున్నారు.

పాతదంతా బంగారమని నేననను. మా రోజుల్లో ఒక్కో కంపెనీకి ఒక్కో కేటలాగు, ఒక్కో పేరు. ఒకడి 18 గేజికీ మరొకడి 18 గేజికీ పొంతన కుదిరేది కాదు. 2000 చుట్టుపక్కల అందరికీ ఒకే పేరు పద్ధతి వచ్చింది. 600ఎస్162-54 అంటే ఆరంగుళాల వెబ్, అంగుళం అయిదెనిమిదుల ఫ్లాంజ్, 54 మిల్ మందం ఉన్న స్టడ్. ఎవరి దగ్గర కొన్నా అదే. చివర రంగు పూస్తారు: 33 మిల్‌కి తెలుపు, 43కి పసుపు, 54కి ఆకుపచ్చ, 68కి నారింజ, 97కి ఎరుపు. లారీ దిగుతుండగానే తప్పు సరుకు పట్టేసుకోవచ్చు. 1990ల్లో కలప ధరలు ఎగబాకి ఇళ్ళవాళ్ళు స్టీలు వైపు చూసినప్పుడు, 1996లో ఇళ్ళ కోసం పట్టికల పుస్తకం వచ్చింది. మిస్సోరి-రోలా విశ్వవిద్యాలయంలో రోజర్ లబూబ్ బృందం హెడర్లని విరిచి చూసి, పై ట్రాక్ కూడా పనిలో పాలుపంచుకుంటుందని తేల్చింది. 2001లో హెడర్ల కోసమే ఒక ప్రమాణం వచ్చి, 2015లో ఫ్రేమింగు ప్రమాణం ఎస్240లో కలిసింది. ఇవన్నీ మంచి మార్పులు. చేతికింత మంచి పనిముట్లు వచ్చాక కూడా హెడర్ని గాలికొదిలేస్తున్నారన్నదే నా బాధ.

ఇప్పుడు నేను చూసే షాపు డ్రాయింగుల్లో చాలావాటిని గీసేది మన హైదరాబాదు పిల్లలే. మాకు రాత్రి భోజనాలయ్యే వేళకి వాళ్ళు ఆఫీసుకి వస్తారు. చురుకైనవాళ్ళు. మూడంతస్తుల భవనం మోడల్ తిప్పి చూపిస్తుంటే ముచ్చటేస్తుంది. అలాంటి ఒక కుర్రవాణ్ణి ఫోన్లో అడిగాను.

“ఈ హెడర్ మీద ఏం కూర్చుంది బాబూ?”

“అడుగుకి వెయ్యి పౌన్లు సార్.”

“అది అంకె నాయనా. ఏం కూర్చుందని అడుగుతున్నాను.”

కాసేపు మాట లేదు. “పై ఫ్లోర్ ఆఫ్ చేసి ఉంది సార్. ఆన్ చెయ్యమంటారా?”

“చెయ్యి.”

“సార్... పై కిటికీ కింగ్ స్టడ్‌లు సరిగ్గా దీని మధ్యలోకి దిగుతున్నాయి సార్.”

“మరి?”

“సాఫ్ట్‌వేర్ గ్రీన్ చూపించింది కదా అనుకున్నాను సార్.”

ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టను. అడిగిన వెంటనే చూశాడు, చూసింది చూసినట్టు చెప్పాడు. అతను జన్మలో ఒక స్టీలు స్టడ్ చేత్తో పట్టుకోలేదు. స్క్రూ గన్ శబ్దం వినలేదు. తాను గీసే గోడలాంటి గోడలో ఎన్నడూ నిద్రపోలేదు. అంకెలు పెట్టడం నేర్పారు, అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడం నేర్పలేదు. నాకు కోపం అతని మీద కాదు, అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన పెద్దమనుషుల మీద.

ఆ కుర్రవాడి హెడర్ కాగితం మీదే దొరికింది. అన్నీ అలా దొరకవు. ఒక అపార్ట్‌మెంట్ల పనిలో గోడలు మూసేశాక నన్ను పిలిచారు. వరండాలోకి వెళ్ళే జారుడు తలుపు జరగడం లేదు. తలుపువాడు పట్టాలకి నూనె రాశాడు, చక్రాలు మార్చాడు. నేను వెళ్ళి తలుపు పైన దారం లాగి చూస్తే హెడర్ మధ్యలో కుంగి తలుపు చట్రాన్ని నొక్కుతోంది. ఎందుకు కుంగిందని వెతుకుతూపోతే అసలు సంగతి బయటపడింది. పై అంతస్తు కిటికీని ఆర్కిటెక్ట్ రెండడుగులు పక్కకి జరిపాడు. దాని కింగ్ స్టడ్‌లు ఈ హెడర్ మధ్యలోకి వచ్చాయి. పై అంతస్తు డ్రాయింగు మారింది. కింది అంతస్తు బరువుల పట్టిక మారలేదు. ఎవరి కాగితం వాళ్ళ మట్టుకు సరిగ్గానే ఉంది. చివరికి కింద ఆధారాలు నిలిపి, జిప్సం బోర్డు పీకి, హెడర్‌కి బలం చేర్చి, జాక్ స్టడ్‌లు పెంచి మళ్ళీ మూశారు. మొదట్లో ఒక మనిషి పది నిమిషాలు చూసి ఉంటే తప్పిపోయే ఖర్చు అది.

జాక్ స్టడ్‌ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హెడర్ మందం గురించి గంటలు వాదించేవాళ్ళు దాని చివరలు ఎక్కడ కూర్చుంటాయో క్షణం కూడా చూడరు. పల్లకీ బొంగు ఎంత గట్టిదైతేనేం, బోయీ భుజం కుంగితే పల్లకీ ఒరుగుతుంది. ఆరడుగుల హెడర్ దించే మూడు వేల పౌన్లు అంగుళంన్నర వెడల్పున్న జాక్ స్టడ్ మీద దిగాలి. అక్కడ వెబ్ చివర నలుగుతుందా, జాక్ ఒకటి చాలా రెండు కావాలా, హెడర్‌ని కింగ్ స్టడ్‌కి పట్టి ఉంచే క్లిప్ యాంగిల్‌కి ఎన్ని స్క్రూలు పడాలి, ఇవన్నీ హెడర్ డిజైన్‌లో భాగమే. వేరే ఎవరో చూస్తారనుకునే సంగతులు కావు.

కింగ్ స్టడ్‌కి ఇంకో పని ఉంది. కిటికీ మీద గాలి కొడితే ఆ తోపుని అందుకోవడానికి అక్కడ స్టడ్‌లు లేవు. 16 అంగుళాల దూరంలో ఉన్న మామూలు స్టడ్ 16 అంగుళాల వెడల్పు గాలినే మోస్తుంది. ఆరడుగుల కిటికీ పక్కనున్న కింగ్ స్టడ్ కిటికీలో సగం 36 అంగుళాలు, అవతలి వైపు ఎనిమిది, మొత్తం 44 అంగుళాల గాలి మొయ్యాలి. దాదాపు మూడింతలు. పైన హెడర్‌కి రంగు రంగుల లెక్క వేసి, కింగ్ స్టడ్ మాత్రం ఒక్కటే గీసి పంపినవాళ్ళని చూశాను. మా రోజుల్లో తీసేసిన స్టడ్‌లని లెక్కపెట్టి, సగం ఇటూ సగం అటూ నిలబెట్టావా అని ఫోర్‌మనే అడిగేవాడు. అది పూర్తి లెక్క కాకపోయినా మతిమరుపుకి మందు.

బిగింపులోనూ అంతే. బరువు మోసే స్టడ్ చివరికీ ట్రాక్ లోపలి ముఖానికీ మధ్య ఎనిమిదో వంతు అంగుళానికి మించి సందు ఉండకూడదు. సందు ఉంటే బరువు స్టీలు నుంచి స్టీలుకి దిగదు, ముందు స్క్రూల మీద పడుతుంది. స్క్రూలు ఒరుగుతాయి, పలుచని రేకులో చిల్లి సాగుతుంది, సందు మూసుకునేదాకా గోడ కిందికి దిగుతుంది. అంతస్తుకి ఎనిమిదో వంతు చొప్పున అయిదంతస్తులకి అర అంగుళం పైనే. మా వాళ్ళు స్టడ్‌ని ట్రాక్‌లోకి కొట్టి కూర్చోబెట్టి, క్లాంప్ బిగించి, అప్పుడు స్క్రూ వేసేవాళ్ళు. స్క్రూ కొన అవతలి వైపు కనీసం మూడు మరలు బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూసేవాళ్ళు. బలంగా తిప్పితే పలుచని రేకులో మర తెగి స్క్రూ ఊరికే తిరుగుతుంది. అలాంటిదాన్ని వదిలెయ్యకుండా పక్కన ఇంకోటి వేసేవాళ్ళు. ఇవాళ తనిఖీకి వచ్చినవాడు దూరం నుంచి ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నాడు. ఫోటోలో స్క్రూ తల కనబడుతుంది, దాని పట్టు కనబడదు.

కంప్యూటర్ నుంచి నేరుగా కొలతలు తీసుకుని రేకుని వంచి, కోసి, చిల్లులు పొడిచి, ప్రతి ముక్క మీదా నంబరు అచ్చేసే యంత్రాలు వచ్చాయి. వాటి కోత మా రంపం కోత కన్నా నిజంగా మెరుగు. సందుల బాధ చాలావరకు తగ్గింది. కానీ యంత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. తప్పు చెబితే ఆ తప్పునే అన్ని అంతస్తుల్లోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిస్తుంది. చేత్తో కోసే రోజుల్లో రెండో హెడర్ దగ్గరే ఎవడో ఒకడు, ఇదేదో తేడాగా ఉందే అని ఆగేవాడు.

పరిశోధనలోనూ కొత్తతరం చాలా చేసింది. కార్నెల్‌లో చదివి జాన్స్ హాప్కిన్స్‌లో పాఠాలు చెబుతున్న బెన్ షేఫర్ ఒక ప్రోగ్రామ్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. పలుచని సెక్షన్ ఎక్కడ ఎలా ఉబ్బుతుందో అది బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ దారిలో వచ్చిన డైరెక్ట్ స్ట్రెంత్ పద్ధతి 2004లో నియమావళికి అనుబంధంగా చేరింది. 2013లో బఫెలో విశ్వవిద్యాలయంలో రెండంతస్తుల పూర్తి భవనాన్ని భూకంపపు బల్ల మీద ఊపి చూశారు. మా రోజుల్లో ఇవి ఉంటే ఎగిరి గంతేసేవాళ్ళం. బొమ్మ గీసిచ్చే ప్రోగ్రామ్ చేతిలో ఉంచుకుని, ఆ బొమ్మ చూడకుండా కింది అంకె మాత్రం తీసుకుని వెళ్ళిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. కేంద్రప్రభుత్వం లైట్ హౌస్ ప్రాజెక్టుల కింద 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన ఆరింటిలో అగర్తలాలోది ఈ తేలిక స్టీలు ఫ్రేము పద్ధతే. ఈ పద్ధతి మన ఊళ్ళకీ వస్తుంది. వచ్చినప్పుడు మన అలవాట్లు కూడా వెంట వస్తాయి. అక్కడే నా భయం.

ఇటుక గోడకి ఒక ఓర్పు ఉంది. లింటెల్ పైన ఇటుకలు తమలో తాము కమానులా సర్దుకుని, బరువులో చాలా భాగాన్ని పక్కలకి తోసేస్తాయి. అందుకే లింటెల్ లెక్కలో పైనున్న త్రికోణం బరువే తీసుకోవడం మామూలు. దానికి తోడు మన తాపీ మేస్త్రీ లింటెల్‌ని అటూ ఇటూ జానెడు గోడలో కూర్చోబెట్టేవాడు. కోడు చదవకపోయినా ఆ జానెడు విషయంలో ఎవరు చెప్పినా వినేవాడు కాదు. ఆ లింటెల్ తనదన్నట్టే ఉండేవాడు. అందుకే చిన్న చిన్న పొరపాట్లని ఆ గోడలు కడుపులో దాచుకున్నాయి. పలుచని రేకు గోడలో కమానూ లేదు, జానెడు ఆనికా లేదు. ఉన్నవల్లా లెక్కపెట్టిన స్టడ్‌లు, లెక్కపెట్టిన స్క్రూలు. ఒకటి తగ్గితే సర్దుకునేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఇటుక గోడ దగ్గర నేర్చుకున్న ధీమాతో రేకు గోడ దగ్గరికి వెళితే గోడ నిలబడదు.

కాబట్టి గొణగడం ఆపి అడగాల్సింది అడుగుతాను. ప్రతి హెడర్‌కీ ఒక మనిషి పేరు ఉండాలి. బరువులూ, జాక్ స్టడ్‌లూ, కింగ్ స్టడ్‌లూ, క్లిప్‌లూ అన్నీ కలిపి తనవే అని ఒప్పుకునే మనిషి. ప్రతి పెద్ద ఓపెనింగ్‌కీ కప్పు నుంచి పునాది దాకా బరువు దారి చూపే ఒక్క పేజీ, చేత్తో గీసింది, ఫైల్లో ఉండాలి. పై అంతస్తులో ఏ కిటికీ కదిలినా దాని కింద ఉన్న ప్రతి హెడర్నీ మళ్ళీ చూడాలి. చూశామని తేదీ వెయ్యాలి.

ఇక హైదరాబాదు ఆఫీసుల మేనేజర్లకి ఒక మాట. మీ పిల్లల్ని అమెరికా పంపనక్కర్లేదు. నాలుగు స్టడ్‌లు, రెండు ట్రాక్ ముక్కలు, ఒక స్క్రూ గన్, ఒక డబ్బా స్క్రూలు కొని పార్కింగులో పెట్టండి. ఒక శనివారం అందరి చేతా ఒక బాక్స్ హెడర్, ఒక బ్యాక్-టు-బ్యాక్ బిగించమనండి. స్క్రూ ఎక్కడ పట్టదో, స్క్రూ గన్ ఎక్కడ దూరదో, మూసిన పెట్టెలోకి చెయ్యి ఎందుకు పోదో ఆ పూటే తెలిసిపోతుంది. సోమవారం నుంచి వాళ్ళు గీసే గీత మారుతుంది. ‘స్క్రూ గన్ దూరడానికి ఇక్కడ చోటు లేదు సార్’ అని వాళ్ళే మీకు ఫోన్ చేస్తారు. అది వృథా ఖర్చని మీకనిపిస్తే, గోడలు మూశాక ఒక్క హెడర్‌ని మళ్ళీ తెరవడానికి ఎంతవుతుందో మీ కంట్రాక్టరుని అడగండి.